ఎవరి చొక్కా?

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ కాటాగదిలో
దస్తగిరి ఎక్కించిన ప్రోగ్రాం
మూన్నెల్లుగా లారీలు తూస్తోంది.
దుడ్లడగలేదు,
కడుపులో ఏముందో దాచనూ లేదు.

కొనుగోళ్ల శేషఫణి కళ్లజోడు తుడుచుకుని
"పుణ్యానికొచ్చింది, సరే అబ్బీ.
రేపు చెడిపోతే
ఎవరి చొక్కా పట్టుకోవాల?" అన్నాడు.

దస్తగిరి తన చొక్కా చూసుకున్నాడు.
మూడో గుండీ లేదు.

ఏటా ఇరవై లక్షలకు
కంపెనీ కొంటున్నది
గట్టి కాలరున్న ఒక చొక్కానని
ఆ పొద్దు తెలిసింది.

సోమవారం బెంగళూరుది వచ్చింది.
బుధవారం ఆగింది.
సున్నపురాయి దుమ్ములో లారీల వరుస
రైలుగేటు దాటింది.
శేషఫణి చెవిలో ఫోను:
"మీ కాల్ మాకెంతో ముఖ్యం"
చొక్కా లేని గొంతొకటి
అంటూనే ఉంది.

చీకటి పడ్డాక
పాతదాన్నే తెరిచి తూకాలేశాం.
రసీదు మీద పేరు మాత్రం
బెంగళూరుదే.