సున్నం చిటికెడు ఎక్కువైంది

లూల్వా నా చేతిలో పెట్టిన కాగితం
ముప్పై దీనార్ల తిండికి చీటీ.
తనకేమో జలుబు, చీటీకి ఆ రాత్రే ఆఖరు గడువు.
"నువ్వు పో, తోడుకి ఎవర్నైనా తీసకపో" అనింది.
ఖాజాబీ, నేను
శుక్రవారం కట్టే మంచి చీరల్లో
సాల్మియా సముద్రం గట్టున దిగినాం.

తలుపు యాడుందో దొరకలా.
గోడే తలుపంట. తోస్తే తెరుచుకుంది.

లోపల దీపాలు పెళ్ళికూతురికన్నా సిగ్గుగా ఉన్నాయి.
పళ్ళెం చాటంత,
మధ్యలో తిండి ఆవగింజంత.
"ఏమ్మే, ఇది తినేకా, వాసన చూసేకా?" అనింది ఖాజాబీ.
"ఏనుగు దాహానికి చూరునీళ్ళు" అన్నా.
నవ్వు ఆపుకోలేక సీసా నీళ్ళన్నీ తాగినాం
నీళ్ళకి కూడా దుడ్లని తెలీక.

మొదట హమూర్ చేప, పచ్చిదే,
నిప్పు లేకుండా నిమ్మరసంలో ఉడికిందంట.
రెండోది చూసి ఖాజాబీ కుర్చీలోంచి లేచింది:
నాగజెముడు!
ముల్లు గీకి, కాల్చి, ఉప్పు చల్లి.
మా వంకగట్టు మీద మేకలు కూడా తప్పుకపోయే జెముడు.
దాని పండ్లు తిని, నోరు ఎర్రగా చేసుకొని
బడిలో దెబ్బలు తిన్నామే గానీ
మట్ట కూడా కూరేనని
ఎవరూ చెప్పలా.

మూడోది కాటుకంత నలుపు.
మొక్కజొన్న కంకికి తెగులు తగిలి ఉబ్బుతాదే, అదేనంట.
మా చేన్లో అట్టాంటి కంకి కనబడితే
దూరంగా తీసకపోయి కాల్చేవాళ్ళం.
ఇక్కడ తెగులుకి నాలుగున్నర దీనార్లు.
నోట్లో పెట్టుకున్నా.
వాన పడిన రాత్రి పుట్ట పక్కన మట్టి.
మాట్లాడకుండా ఇంకో ముక్క తీసుకున్నా
ఎన్ని కంకులు కాల్చినామో లెక్కేసుకుంటా.

ఇరవై రెండేండ్లు.
ఆ ఇంట్లో పదకొండు మంది నా చేతి వంట తింటాండారు.
మచ్‌బూస్‌కి ఉప్పెంతో నా వేళ్ళకి తెలుసు.
కూచుని తినడమే రాలా.
ఒక పళ్ళెం ఖాళీ కాంగానే ఇంకోదాని మీద పేర్చి
బల్ల తుడుస్తాండా, నాకు తెలీకుండానే.
వడ్డించే నేపాలీ పిల్లోడు
మెల్లగా నా చేతిలోంచి గుడ్డ తీసుకొని
"అమ్మా, ఈ పూట అది నా పని" అన్నాడు హిందీలో.
చేతులు యాడ పెట్టుకోవాల్నో తోచలా.
ఒళ్ళో పెట్టుకున్నా
ఎవరో దాచిపెట్టమని ఇచ్చిపోయినట్టు.

అప్పుడొచ్చింది నల్ల పులుసు, ముప్పై దినుసులంట.
నువ్వులు, చెనక్కాయలు, ఖర్జూరం,
పొగ చూరిన ఎండుమిరప...
పద్దెనిమిది దాకా పట్టుకున్నా, మిగతావి జారిపోయినాయి.
పక్కన అరచేయంత మొక్కజొన్న రొట్టె.
తుంచి నమిలితే నాలిక చివర చురుక్కుమంది.
ఆకూ వక్కా వేసుకునే నోరు నాది.
"సున్నం" అన్నా.

పిల్లోడు లోపలికి పోయి చెప్పేసినాడు.
"నోరు మూసుకొని తినరాదా" అని ఖాజాబీ గిల్లింది.

వచ్చిందొకామె. పొట్టిగా, నా ఈడే.
మోచేతుల కింద కాలిన మచ్చలు,
నాకున్న చోటే, నాకున్నట్టే.
ఒక ముక్క తుంచుకొని కండ్లు మూసి నమిలింది.
తర్వాత వంటింటి వైపు తిరిగి
ఎవర్నో వాళ్ళ బాసలో ఏమో అనింది.
తిట్టని తెలియడానికి బాస అక్కర్లా.

గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారంట,
విరిగిన అరబ్బీలో చెప్పింది,
ఎట్టా కనిపెట్టినావని అడిగింది.
నాలిక చాపి చూపించినా.
ఇద్దరం నవ్వినాం, పండ్లన్నీ కనబడేట్టు.
ఈసారి రొట్టెలు చాటంత పళ్ళెంలో రాలా.
గుడ్డలో చుట్టి, ఎనిమిది, పొగలు కక్కుతా.

బిల్లు ముప్పై ఒకటింపావు.
ఆ ఒకటింపావు నీళ్ళదే.
ఖాజాబీ రవికలోంచి చిన్న సంచి తీసి
నన్ను చూడకుండా ఇచ్చింది.

మర్నాడు లూల్వా అడిగింది, బాగుందా అని.
"జేన్" అన్నా.
ఏం తిన్నావని అడగలా. అడిగింటే
ముల్లకంప తిన్నా, తెగులు తిన్నా అని చెప్పేదాన్ని.

రాత్రి పదకొండు పళ్ళేలు కడిగి బోర్లించి
పన్నెండోది ఒకటి తీసి, పొడిగా, ఖాళీగా
ముందర పెట్టుకొని
కాసేపు బల్ల కాడ కూచున్నా.