ఇరవై పాయింట్ తొమ్మిది

రాయపురంలో, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనకాల
రేకుల షెడ్డులో నా తరగతి.
ఓడ లేదు. ఓడలోంచి కోసి తెచ్చిన
ఒక ఇనప తొట్టి, దాని మూత, ఒక నిచ్చెన.
సోమవారం సోమవారం కొత్త కుర్రాళ్లు వస్తారు,
బూట్లింకా కరుస్తుంటాయి వాళ్లని.

మొదట కాగితం ఇస్తాను.
లోపలికి దిగే ముందు పన్నెండు ప్రశ్నలు,
పన్నెండు గళ్లు.
గాలి ఆడించారా? మీటరు పెట్టి చూశారా?
మూత దగ్గర మనిషి ఉన్నాడా?
కదలనని మాటిచ్చాడా?

అరనిమిషంలో అందరూ టిక్కులు కొట్టేసి
పెన్ను జేబులో పెట్టుకుంటారు.
మీటరేదీ అని ఎవరూ అడగరు.
అది నా బల్ల సొరుగులో ఉంటుంది.
నేనేమీ అనను.
నా టిక్కులూ అంత చక్కగానే ఉండేవి.

ఎన్నూరు బయట లంగరేసి పదకొండు రోజులు.
కడుపునిండా బొగ్గు.
రేపు బెర్తు, ఎల్లుండి తనిఖీ.
విశ్రాంతి పట్టికలో మాత్రం
రోజుకి పది గంటలు నిద్రపోయాం
అందరం, ఒకే సిరాతో.

రెండో హోల్డు మెట్లదారిలో
గొట్టం ఒకటి చూసి రావాలి.
ఐదు నిమిషాల పనికి ఇన్ని గళ్లేంటని
సరంగుని, నేనే,
మోకాలి మీద కాగితం పెట్టుకుని నింపేసి
మేటుతో సంతకం పెట్టించాను.
ఆయన టీ తాగుతూ పెట్టాడు.

ఇనుము తుప్పు పడుతూ ఊపిరి తీసుకుంటుంది.
బొగ్గు కూడా.
మూసిన చీకట్లో రెండూ ఎదురెదురుగా కూర్చుని
గాలిని తినేశాయి,
అనుమానానికి వాసనైనా మిగల్చకుండా.

గరికిన పోలరాజు దిగాడు.
ఏడో మెట్టు మీద తలెత్తి నాకేసి చూశాడు,
ఏదో చెప్పబోయి మరిచిపోయినవాడిలా.
తర్వాత టార్చి ఒక్కటే
అడుగున పక్కకి పడి వెలుగుతోంది.

మూత దగ్గర సగాయరాజ్, తూత్తుకుడి వాడు.
ఆ పేరుకి అర్థమే సహాయం.
కదలకు, అన్నాను. అన్నానా?
విచారణలో అన్నానని రాయించాను.
ఊపిరి సిలిండరు రెండంతస్తుల పైన,
తనిఖీ కోసం తుడిచి, అల్మారాలో పెట్టి, తాళం వేసి ఉంది.
దాన్ని మోసుకుని వచ్చేసరికి
మూత పక్కన వాడి హెల్మెట్టు ఉంది.

మొన్న వెనక వరసలోంచి ఓ పిల్లాడు చెయ్యెత్తాడు,
"మేటు తొందరపెడితే, సార్?"
సొరుగు లాగి మీటరు వాడి చేతిలో పెట్టాను.
ఇక్కడ ఎంతుందో చదవమన్నాను.
ఇరవై పాయింట్ తొమ్మిది.
"తగ్గితే దిగకు.
పంపేస్తానంటే పంపెయ్యమను.
పంపేది ఇంటికే కదా."
ఎవరో నవ్వారు. వాడు నవ్వలేదు.

మీటరు నాతోపాటు ఇంటికొస్తుంది.
రాత్రుళ్లు లేచి అంకె చూసుకుంటాను.
మా ఆవిడకి ఆ సంగతి తెలుసు, అడగదు.

ఆ సాయంత్రమే తండయార్‌పేట మలుపులో బస్సు ఆగింది.
రోడ్డు మధ్య మూత తీసిన మ్యాన్‌హోలు,
హెచ్చరికకి గుచ్చిన ఓ చెట్టుకొమ్మ.
నిక్కరు మీద నడుముకి తాడు బిగించుకుంటున్నాడొకడు,
చెవి సందున బీడీ.

దిగాను.
"తంబీ, మీటర్ ఇరుక్కా?"
"ఆటో స్టాండు అటు సార్," అని చెయ్యి చూపించాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సంచిలోంచి తీసి, వాడి తాడు కొసకే కట్టి
లోపలికి వదిలాను.
రెండు జానల లోతులోనే అరవడం మొదలెట్టింది.

నవ్వులు ఆగాయి. మేస్త్రీ ఆగలేదు.
ఎవరు మీరు, ఏ ఆఫీసు, ఆర్డరేదీ?
ఏ ఆఫీసూ కాదు.
ఈ ఊళ్లో ఈ గొయ్యి మీద
నాకే అధికారమూ లేదు.
ఇనపమూతని ఈడ్చి, సగం మూసి,
దాని మీద కూర్చున్నాను.
బస్సు వెళ్లిపోయింది.

మేస్త్రీ ఎవరికో ఫోన్లు చేస్తున్నాడు.
తాడువాడు వచ్చి పక్కన చతికిలబడి
బీడీ తీశాడు. ఇక్కడొద్దన్నాను.
మళ్లీ చెవి సందున పెట్టుకున్నాడు.
"ఎంతసేపు సార్, ఇలా?"

తెలీదన్నాను.
కదలనని మాత్రం చెప్పాను,
వాడికి వినబడేలా,
రెండుసార్లు.