కణుపు

పుత్తూరులో మాది పేరున్న కట్టు కాదు.
రైలుగేటు అవతల రేకుల వసారా.
పెద్దిళ్ళ దగ్గర వరస చూసి బెదిరినోళ్ళు
ఇటు తిరుగుతారు.
నిన్న నారాయణవనం నుంచి మగ్గం మనిషి,
ఈపొద్దు మామిడికాయల లారీ పైనించి పడిన పిలకాయ.

కుప్పజేజి చేతుల్ని చూసి నేర్చుకున్నాను.
ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, పాత పంచె పీలిక,
మీద వెదురు దబ్బలు.
"కణుపు గీకాలమ్మీ.
గీకకపోతే రాత్రంతా పొడుస్తుంది."

జేజి తమ్ముడు చెంగల్రాయుడు
తొమ్మిదేళ్ళప్పుడు చింతకొమ్మ మీంచి పడినాడు.
ఎక్కమన్నది జేజే.
ఎడమ ముంజేయి వంగిపోతే
వాళ్ళ నాయన లాగినాడు, ఈమె భుజం పట్టింది.
వాడి అరుపుకి పట్టు జారింది.
జారినంత మేరా
ఎముక పక్కకి అతుక్కుంది.
మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన
రేగ్గింజంత కణుపు.

బెంగుళూరులో పటాలం డాక్టరు దాన్ని తడిమి
ఇదెవరు కట్టినారు అన్నాడంట.
మా అక్క అన్నాడంట.
మొదటి జాబంతా అదే.
రెండోది సింగపూరు నుంచి:
వంతెనలు కడతాము, కూడు బాగుంది, వానే ఎక్కువ.
మూడోది జాబు కాదు, అచ్చేసిన అట్ట.
నేను ఖైదులో క్షేమం.
కింద చేవ్రాలు మాత్రం వాడిది.
"ఎడం చేత్తో అదిమి పట్టుకుని రాసుంటాడు"
అనేది జేజి,
అట్ట అంచున వేలుపెట్టి, సరిగ్గా అక్కడే.

యుద్ధం అయినాక కార్వేటినగరం మనిషొకడు వచ్చి
మజ్జిగ తాగి, నేల చూస్తా చెప్పినాడు.
ఓడలో కుక్కి ఇంకో దీవికి తోలినారు.
రాళ్ళు మోయించినారు.
జొరం. ఏ నెలో తెలీదు.
పూడ్చింది మేమే.
గుర్తుకి కొబ్బరి మట్ట గుచ్చినాము.

కొబ్బరి మట్ట ఎన్నాళ్ళుంటుందని
ఎవరూ అడగలేదు.

సర్కారు కాగితం ఇంకా పొట్టిది.
ఖైదులో మృతి. సమాధి తెలియదు.

మోదుగాకులతో బొమ్మ చెయ్యాల, అన్నాడు అయ్యవారు.
మూడువందల అరవై. తలకిన్ని, చేతులకిన్ని.
జేజి అటక ఎక్కింది.
నయమైనోళ్ళు విప్పేసిపోయిన దబ్బలు
కట్టలు కట్టలుగా ఉండేవి అక్కడ.
దించి, చాప మీద పరిచింది.
తిరుత్తణికి కావడి మోసే ఆయన కాలివి, తొడకి.
గాజులమ్మే ఆమె మోచేయి.
ఎవరి పసిబిడ్డదో, వేలంత దబ్బ.
"ఆకులు పైన కప్పుకో సామీ,
లోపల ఎముకుండాల."
అన్నీ గీకిన దబ్బలే.
ఎడమ చేతికి మాత్రం
దొడ్లో పచ్చి వెదురు కోసి
చీల్చకుండా పెట్టింది.

అరుణానది ఇసుకలో అంటించినారు.
దబ్బలు ఊరికే కాలినాయి.
పచ్చి వెదురు
కణుపు దగ్గర ధన్‌మని పేలింది.
కొంగలు లేచినాయి. అయ్యవారు మంత్రం మరిచినాడు.
జేజి రెండు చేతులూ ముందుకి చాపి
దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు
చల్లారిందాకా అట్లే నిలబడిందంట.

ఇప్పుడందరూ ఎక్స్‌రేలు తెస్తారు.
కిటికీకి ఎత్తి చూస్తాను.
విరిగి అతికిన చోట ఎముక
మిగతా దానికన్నా తెల్లగా ఉంటుంది, కొంచెం లావు.
అంత తొందరగా మట్టిలో కలవదని
నాకెందుకో నమ్మకం.
చదివి తెలుసుకున్నది కాదు.

ఆ దీవిలో ఎవరైనా
చిలగడదుంపలకి తవ్వుతున్నప్పుడు
పారకి ముంజేయి తగిలితే,
అయ్యా, పారెయ్యద్దు,
మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన తడమండి.
రేగ్గింజంత ఉంటే
అది పుత్తూరు కట్టు.
కొంచెం వంకర.
తప్పు మాదే.