పంటి కింద గాలి

అల్గేరో రేవులో పగడాలకి దిగే బైంజూ
నా కుర్చీలో నోరు తెరిచి కూర్చున్నాడు.
పెదవుల మీద ఇంకా ఉప్పు చార.

ఎడమవైపు కింది దవడపన్ను.
పోయిన చలికాలం నేనే పూడ్చాను,
పొద్దుపోయాక, ఆకలి మీద, కాస్త తొందరగా.

తొంభై మీటర్ల లోతున ఏమీ అనిపించలేదట.
అక్కడ సముద్రం అన్నిటినీ నొక్కి కూర్చోబెడుతుంది.
పైకి వస్తుంటేనే,
ముప్పై, ఇరవై, పన్నెండు...
నా సిమెంటు అంచున సందు చూసుకుని దూరిన
ఆవగింజంత గాలి
ఒళ్లు విరుచుకుంది.

ఆరు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని
ఇంకా నలభై నిమిషాలు ఆగాలి.
తేలిపోతే రక్తం నురగ కడుతుంది.
ఆగితే ఇది.
పంటి బిగువున ఓర్చుకోమంటారు గానీ
ఆ పంటితోనే కదా గొట్టం కరిచి పట్టుకోవాలి!

తర్వాత తల లోపల టప్‌మని చప్పుడు.
"అంత హాయి నా పెళ్లినాడు కూడా లేదు డాక్టరమ్మా."

నాలుక కింద దాచి తెచ్చిన ముక్కని
జేబులోని పగడపు తునకలతో కలిపి
నా అరచేతిలో పోశాడు.
"నీదేదో ఏరుకో."

లైటు కిందికి దించాను.
ఈసారి పొర మీద పొర, ఆరబెట్టుకుంటూ.
ఎవరో తలుపు తట్టారు.
తియ్యలేదు.