తలకట్టు

సాల్మీ ఎడారి నుంచి వానెట్‌లో వచ్చినాయి
రెండు బస్తాలు.
ఇంకా మూతి విప్పలేదు,
మెట్లెక్కుతా ఉంటేనే నా ముక్కు చెప్పేసింది:
గొర్రె. ఈనిన గొర్రె.
మూడేండ్లుగా ఈ ఇంట్లో
క్లోరాక్స్ తప్ప ఇంకేమీ ఎరగని ముక్కు ఇది.

జహ్రాలో ఏప్రిల్‌కే మిద్దె మీద ట్యాంకు కాగిపోతాది.
అదే మంచిదన్నట్టు చెయ్యి ఊపింది ఉమ్ దుఖైల్.
జిడ్డు కరగాలంటే నీళ్లు చురుక్కుమనాల.
మా పక్క గొర్రెను ముందు ఏట్లో కడిగి
ఆనక కత్తిరేస్తారు.
ఇక్కడ ఏరేదీ?
గొర్రెతో పాటు ఎడారిని కూడా కత్తిరించి
మూటగట్టి తెస్తారు.

పాత దుప్పటి మీద బోర్లించినాము.
విడిపోకుండా ఒక్క తోలు మాదిరి పరుచుకుంది,
లోపల గొర్రె మాత్రం లేదు.
ముందు అంచులు తియ్యాల.
పొట్ట కింద బొచ్చు, కాళ్ల బొచ్చు,
తోక దగ్గర పెంటికలు ఎండి గోలీలైన చోటు.
నేను అర్ఫజ్ పుల్లలు ఏరతాను.
పల్లేరుకాయలంత మొండివి కావవి,
పట్టుకుంటే విరిగి లోపలే దాక్కుంటాయి.

ఆమెకు తెలుగు రాదు. నా అరబ్బీ వంటింటిది:
గిన్నె, చీపురు, ఇప్పుడే, రేపు.
సూఫ్, అంది పింజ ఎత్తి చూపించి.
బొచ్చు, అన్నాను.
బొచ్చూ, బొచ్చూ, అని నవ్వింది.
పైన ఒకటే పన్ను.

వీపు పక్కకు తిప్పితే కనపడింది
ఎర్ర రంగు గుర్తు.
కింద ఒక సున్నా. పైన తలకట్టు.
ర.

చేతులు ఆగిపోయినాయి.
ఎవడో మనోడు.
సాల్మీలో, కంచె పక్కన, రంగు డబ్బా,
పుల్లకు చుట్టిన గుడ్డపేలిక,
గొర్రెను మోకాళ్ల నడుమ నొక్కిపట్టి రాసినాడు.
రాయచోటా? రంగమ్మా?
అప్పిచ్చిన రెడ్డా?
దీర్ఘం లేదు.
ఉంటే పిలుపయ్యేది.

ఉమ్ దుఖైల్ ఒంగి చూసింది.
అరచేత్తో ఉన్నిని సాపు చేసి లాగింది.
పైనున్నది ఎడమకు జారింది,
సున్నా కుడికి పోయింది.
ఖంసా వ సబయీన్, అంది.
డెబ్భై ఐదు.
నాకు అర్థం కాలేదేమోనని
వేళ్ల మీద కూడా లెక్క చూపించింది.

ఎన్ని నీళ్లకూ రంగు పోదు.
కత్తెర తెచ్చి కొనలు తెగ్గోసింది,
కొత్తిమీర కోసినట్టు.
దుప్పటి మీద రాలినాక
అవి అక్షరమూ కాదు, అంకే కాదు.
ఒక చిటికెడు తీసి
సివిల్ ఐడీ కవర్లో దోపుకున్నా.
చూసింది.
చూడనట్టు కత్తెర తుడిచింది.

ఉల్లిగడ్డల సంచిలో నింపి ముంచినాము.
ముంచడమే. కలపకూడదు, పిసకకూడదు.
పిసికితే గడ్డ కట్టేస్తాది,
విప్పడం ఎవరి తరమూ కాదు.
నీళ్లు మొదట డికాషన్, తర్వాత టీ,
నాలుగోసారికి బియ్యం కడిగినవి.
జిడ్డంతా నా చేతుల్లోకి దిగింది,
క్లోరాక్స్ పగుళ్లలోకి.
ఏ క్రీమూ చెయ్యని పని
పేరు తెలీని గొర్రె చేసింది.

ఏసీ డబ్బాల వెనక, నీడలో ఆరేసినాము.
మధ్యాహ్నం తోజ్ లేచింది.
దుమ్ములో ఆమె అబాయా, నా నైటీ
జెండాల మాదిరి కొట్టుకుంటా ఉంటే
ఇద్దరం ఉన్ని మీద బోర్లా పడినాము.
లేచినాక ఎవరు ముందు నవ్వినామో గుర్తు లేదు.

మూడో రోజు దువ్వెనలు.
చెక్కలో దిగ్గొట్టిన మేకులు.
మా నాయనకు ఏకే విల్లు ఉండేది,
నరం మీటితే ఇల్లంతా మోత.
ఇక్కడ మోత లేదు.
ఒక వరస పట్టుకుంటాది, ఇంకో వరస లాగుతాది.
పొట్టివి వెనక ఉండిపోతాయి.
ఏకై వచ్చి మేకై కూర్చుందని
మా ఊర్లో ఎవరినో తిట్టేవాళ్లు.
ఇక్కడ మేకుల్లోంచే ఏకు వస్తా ఉంది,
అప్పుడే పుట్టిన పిల్ల చెవంత మెత్తన.

ఆమె కదురు తొడ మీద దొర్లించి వదిలేది.
నాది నేలకు ఆనించి తిప్పే అలవాటు.
రెండుసార్లు తెగింది.
మూడోసారి ఏమీ అనకుండా
నా మోచెయ్యి కొంచెం పైకెత్తింది.
నిలిచింది.

కొట్టులో రెండో బస్తా అట్లే ఉంది.
రేపు విప్పాల.
ముందు వీపు తిప్పి చూస్తా.
డెబ్భై ఆరుందేమో.
దీర్ఘముందేమో.