నీలి చుక్క

ముప్పై సార్లు పలుకుతుంది.
ముప్పై ఒకటోసారి మూతి బిగించుకుంటుంది.
వేలు నొక్కుతూనే ఉంటుంది,
ట్రిగ్గరు వెనక్కి వచ్చేస్తుంది,
చిటుక్కుమనదు.
పది మీటర్ల అవతల కాగితం మీద
నల్లటి వృత్తం రెప్ప వెయ్యకుండా
నా వంకే చూస్తుంటుంది.

బాలరాట్‌లో జులై.
రేకుల షెడ్డులో గ్యాసు హీటరు
తన కాళ్ళు తానే కాచుకుంటోంది.
చలికి బ్యాటరీ మూలుగుతోందన్నాడు డెస్మండ్.
మార్చాను.
తుప్పు అయ్యుంటుందంది వాళ్ళావిడ.
స్పిరిట్టుతో కడిగాను, రబ్బరుతో రుద్దాను,
అడుగున స్ప్రింగుని గోటితో లేపి పెట్టాను.
ప్రారబ్ధం అనుకున్నాను నేను.
దానికి విడిభాగాలు దొరకవు.

ట్రెంబాత్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం
డాక్టరు గడప తొక్కగానే దిగిపోయే జ్వరం.
పిడి విప్పేసి, బల్లకి బిగించి,
రెండు వందల సార్లు నొక్కాడు.
రెండు వందల సార్లూ
బుద్ధిమంతురాలిలా చిటుక్కుమంది.

రైల్వే సిగ్నళ్ళు బాగుచేస్తూ ముసలివాడైన మనిషి.
"తెగిన తీగ మంచిదమ్మా, దొరికిపోతుంది.
తెగీ తెగనిదే ప్రాణాలు తోడేస్తుంది.
ఎప్పుడు ఆగిందో కాదు,
ఎప్పుడు ఆగలేదో రాసుకో."

రాశాను.
బల్ల మీద: ఒక్కసారీ లేదు.
ఇంట్లో, గోడ వైపు, ఖాళీగా: రెండు.
శనివారం పోటీలో: పదకొండు.
చివరి పదిలో, స్కోరు బాగున్నప్పుడు: దాదాపు ప్రతిసారీ.
చదువుకుంటే సిగ్గేసింది.
తుపాకీ రోగం రాయమంటే
నా జాతకం రాసుకున్నట్టుంది.

ఒకటి మాత్రం రాయలేదు.
పేలని ప్రతిసారీ గొట్టం ముక్కు
కాస్త కిందికి వంగుతుంది.
పేలితే ఆ చప్పుడులో కలిసిపోయేది.
పేలకపోతే దానికి దాక్కునే చోటు లేదు.
ఆరేళ్ళుగా, గుండు కదలకముందే
నా మణికట్టు ఉలిక్కిపడుతోంది.
చెడిపోయినదొక్కటే
ఆ సంగతి నాకు చెప్పింది.

నేను పళ్ళ సెట్లు చేస్తాను.
నా చిటికెన వేలు గాల్లో వేలాడుతోందని
నిరుడు పిడి కింద
చిగుళ్ళ రంగు అక్రిలిక్‌తో
చిన్న మెట్టు కట్టుకున్నాను.
తుపాకీకి చిగుళ్ళొచ్చాయి, ఇక పాలపళ్ళే తరువాయి అని
క్లబ్బంతా నవ్వింది.
నేనూ నవ్వాను, కానీ ఆ పిడి
మొదటిసారి నా చేతిని గుర్తుపట్టింది.

మంగళవారం ల్యాబులో
మిసెస్ పాస్కో కింది సెట్టు ముందేసుకుని
ఎక్కడ ఎత్తుగా తగులుతోందో వెతుకుతున్నాను.
నీలి కాగితం మధ్యన పెట్టి కొరికిస్తే
నొప్పి ఉన్నచోట రంగు అంటుతుంది.
ఆ కాగితం ముక్క వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి వంటింట్లో
పిడికీ చట్రానికీ నడుమ దాన్ని పరిచి బిగించాను.
ఊరికే పట్టుకోలేదు.
ఇంకో రెండు గుండ్లే మిగిలి,
గెలుస్తానేమో అనిపించినప్పుడు
ఎలా పట్టుకుంటానో అలా పట్టుకున్నాను.
విప్పాను.
ఎర్ర తీగ మీద
ఆవగింజంత నీలి చుక్క.

నా మెట్టే.
నా చేతికి నప్పాలని నేను పోసిన మెట్టు
ఒక పక్క లోపలికి జారి,
నేను గట్టిగా కోరుకున్నప్పుడల్లా
దాని గొంతు నొక్కింది.

అరగదియ్యడం రెండు నిమిషాల పని.
గులాబీ పొడి సింకులో కడిగేశాను.

ఇప్పుడు అరవైకి అరవై పలుకుతున్నాయి.
ముక్కు వంగుతోందో లేదో
చెప్పేవాళ్ళే లేరు.

అందుకని గురువారాలు
ట్రెంబాత్ నన్ను అటు తిరగమంటాడు.
పెల్లెట్టు పెడతాడు,
స్విచ్చు ఆపుతాడో, ఆపడో,
ఏమీ ఎరగనట్టు చేతికిస్తాడు.
చెయ్యి ఎత్తుతాను.
హీటరు బుసకొడుతుంది.
బయట కంచె మీద కొకటూలు
ఎవరినో తిడుతున్నాయి.