ఎదురుగా ఒకడు

దాసన్నపేటలో జెరాక్స్ కొట్టు కట్టేశాక
షట్టర్ సగం దించి, లోపల
ఢిల్లేశు కాగితాలు పంచుతాడు.
పాడైపోయిన ఆధార్ కాపీల వెనకవైపు
పెన్సిలుతో గీసిన చీకటి కోట, దానికి ఏడు వాకిళ్లు.
"నీ మనిషి ఎవడో తేల్చు. అందరూ నీకోసమే చూస్తున్నారు."

నాకు కావలసింది ఒక్కటే అన్నాను:
కనబడకుండా వెళ్లాలి, కొట్టాక గాని తెలియకూడదు.
నవ్వారు. నవ్వరా మరి.
కరెంటు మీటర్లు చూసేవాణ్ణి నేను.
ఉల్లివీధి మొదట్లో అడుగు పెడితే
కంటోన్మెంట్ దాకా కుక్కలకి కబురు వెళ్తుంది.
గేటు తియ్యకముందే లోపల్నించి ఇల్లాలు
"మొన్నేగా కట్టాం" అంటుంది.
పదకొండేళ్లుగా నేను వస్తున్నట్టు
నాకన్నా ముందు ఊరికి తెలుసు.

అందుకని తాపీగా ఎంచాను, వంకాయలు ఏరినట్టు,
తొడిమ కింద పుచ్చు చూసుకుంటూ.

హంతకుడు బాగున్నాడు. నల్ల ముసుగు, విషం పూసిన బాకు,
మొదటి దెబ్బకి మూడింతల బలం.
రెండో దెబ్బకి?
"అప్పటిదాకా బతికుంటే చూద్దాం" అన్నాడు ఢిల్లేశు.
తారాజువ్వ లాంటివాడు,
వెలిగాక మిగిలేది పుల్ల.

నీడమాంత్రికుడు పూర్తిగా మాయమవుతాడు, గాలిలో గాలి.
కానీ కొట్టడానికి చెయ్యెత్తిన క్షణం
మాయ తెగి నడివీధిలో నిలబడతాడు
పంచె ఊడినవాడిలా.
వద్దు బావూ, ఆ బతుకు నాకు రోజూ ఉన్నదే.

వేటగాడు దూరాన్నుంచి బాణం వేస్తాడు. అడవిలో పులి.
ఢిల్లేశు కోటలో చెట్టేదీ?
ఒక్క తుప్పయినా గీయరా అంటే
కాగితం చాల్లేదన్నాడు.

మిగిలింది దొంగ.
చవక మనిషి. తోలు చొక్కా, రెండు కత్తులు, తాళాలు తీసే తీగ.
వాడి వివరాల చివర, చిన్న అక్షరాల్లో షరతు:
శత్రువు చూపు మరొకరి మీద ఉన్నప్పుడే
వీడి పోటు వీపులో దిగుతుంది.
ఎదురుగా ఒక స్నేహితుడు నిలబడి ఉండాలి.

"ఇదేటి? నక్కడానికి కూడా తోడు కావాలేటి?"

నీలవేణికి పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీలు.
తల ఎత్తకుండానే చెప్పింది:
"పిల్లల వార్డులో సూది వేసేది నేనే.
కిటికీలో కాకిని చూపించేది మాత్రం ఆయా.
కాకి లేకపోయినా చూపిస్తుంది."

కోదండ బ్యాండుమేళంలో పెద్ద డోలు.
ఆటలోనూ డాలు పట్టిన వీరుడే,
మెల్లగా మాట్లాడ్డం పుట్టుకతోనే రాలేదు.
మూడో వాకిట్లో నిలబడి
కాపలా రాక్షసుణ్ణి ఏడు తరాలు వెనక్కి తిట్టాడు.
రాక్షసుడు వాడివైపు తిరిగాడు.
నేను పాచిక వేశాను. పంతొమ్మిది.
ఢిల్లేశు రాక్షసుడి మీద అడ్డంగా గీత కొట్టాడు.
కాగితం చిరిగి, వెనక ఎవరిదో
సగం అచ్చయిన ముఖం కనబడింది.
గెలిచాను. కళ్లు మాత్రం కోదండ కాగితం మీదికి పోయాయి:
ప్రాణం పద్దెనిమిది ఉండేది. నాలుగు మిగిలింది.

ఒంటిగంట దాటింది.
మా సందు మొదట్లో ఎర్రకుక్క, దాని బలగం.
నా నడక వాటికి కంఠతా.
కోదండ ఏమీ అనలేదు.
రోడ్డు అవతలి అంచుకి వెళ్లి
పెళ్లి ఊరేగింపు దరువు నోటితో అందుకున్నాడు,
ఆ వేళప్పుడు, ఒక్కడే, చేతులూపుకుంటూ.
కుక్కలన్నీ అటు. తెరుచుకున్న కిటికీలు అటు. తిట్లూ అటే.

చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ వారగా
మా గుమ్మం చేరాను.
పదకొండేళ్లలో మొదటిసారి
ఊరు నన్ను చూడలేదు.
తాళం తీసి కూడా లోపలికి పోలేదు,
దరువు ఎంత దూరం పోయిందో
వింటూ నిలబడ్డాను.